తమ్ముణ్ణి ఆ బ్యాచ్‌లోంచి బయటికి తేవడం – సమాధానం

అక్కా, పదో తరగతి తప్పిన మీ 16 ఏళ్ల తమ్ముడు హైదరాబాద్‌లో సెటిల్‌మెంట్ల బ్యాచ్ (బెదిరించి గొడవలు తేల్చే ముఠా) వెంట తిరుగుతున్నాడని రాశారు. ముందు ఇంట్లో తిట్లు ఆపండి. తిట్టినకొద్దీ బండి ఇచ్చి, బిర్యానీ తినిపించి, 'నేనున్నా రా' అనే ఆ బ్యాచ్ అన్నే వాడికి దిక్కవుతాడు. అన్న పుట్టినరోజు ఫ్లెక్సీలో వాడి ఫొటో కూడా పడిందంటే ఇక ఆలస్యం చేయకండి.

నా దృష్టిలో అసలు సమస్య ఖాళీ సాయంత్రాలే. సెట్విన్ కేంద్రానికి మీరే వెంటబెట్టుకుని వెళ్లండి. 1978లో జంటనగరాల నిరుద్యోగ యువత కోసమే పెట్టిన ప్రభుత్వ సంస్థ అది. ఫ్రిజ్, ఏసీ రిపేరో, కంప్యూటరో, ఏది నేర్చుకోవాలో వాడే తేల్చుకోవాలి, మీరు కాదు. పదో తరగతి ఓపెన్ స్కూల్‌లో కట్టించవచ్చు.

వదిలేస్తానంటే బెదిరిస్తున్నారా? 1098కి ఫోన్ చేయండి. 18 ఏళ్లలోపు పిల్లల కోసం 24 గంటలూ పనిచేస్తుంది, ఉచితం.