గోడ పక్క పోయింది, బోదె పక్క వచ్చింది: చెల్లుకు చెల్లేనా?

ప్రశ్న: పాలకొల్లు దగ్గర 5 సెంట్లలో ఉన్న డాబా ఇల్లు 65 లక్షలకి మాట్లాడుకున్నాం. స్థలం గజం 18,000 లెక్క. 5 లక్షలు బయానా ఇచ్చాం. దస్తావేజులో వెడల్పు 33 అడుగులు, పొడవు 66. టేపు వేయిస్తే వెనక వెడల్పు 29 అడుగులే వచ్చింది, తూర్పువాళ్ల ప్రహరీ లోపలికి జరిగి ఉంది. పొడవేమో 70 వచ్చింది. వెనకాల పంట బోదె (పొలాలకి నీళ్లు పారే చిన్న కాలువ). ‘అక్కడ పోయింది ఇక్కడ వచ్చింది, చెల్లుకు చెల్లు’ అంటున్నారు అమ్మేవారు. రిజిస్ట్రేషన్‌కి పది రోజులే గడువు.

జవాబు: చెల్లదండీ. 33 × 66 అంటే 2,178 చదరపు అడుగులు, 242 గజాలు, సరిగ్గా 5 సెంట్లు. వెనక 4 అడుగులు నొక్కుకుపోతే సగటు వెడల్పు 31. తగ్గింది 132 చదరపు అడుగులు, అంటే 14.67 గజాలు. బోదె వైపు కలిసొచ్చింది 13 గజాల లోపు. లెక్క కుదిరినట్టే కనిపిస్తుంది. కానీ పోయిన ముక్కకి కాగితం ఉంది, స్వాధీనం లేదు. వచ్చిన ముక్కకి స్వాధీనం ఉంది, కాగితం లేదు. అది బోదె పోరంబోకు, అంటే ప్రభుత్వ స్థలం, అయితే అమ్మేవారు మీకు రాసివ్వడానికీ లేదు. గోడ తగాదా బేరంతో తీరుతుంది, బోదెది తీరదు.

ముందు ఆ టేపు కొలతని నమ్మకండి. డెల్టాలో పల్లపు స్థలాలకి మట్టి తోలించి మెరక చేస్తారు, హద్దు రాళ్లు అడుగున పడిపోతాయి. కంచె నుంచి కంచెకి కొలిస్తే తేలేది కంచె ఎక్కడుందన్నదే, హద్దు కాదు. ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు తీయించి, ఎఫ్-లైన్ అర్జీ (ప్రభుత్వ సర్వేయరు చేత హద్దు కొలిపించే దరఖాస్తు) అమ్మేవారి చేతే పెట్టించండి, హక్కుదారు ఆయనే కాబట్టి. పక్కవాళ్లకి నోటీసు వెళ్లి, వాళ్ల ఎదుటే కొలత పడాలి. ప్రైవేటు సర్వేయరు గీసిన స్కెచ్చు బేరానికి పనికొస్తుంది గానీ పక్కింటివాళ్లు దానికి కట్టుబడక్కర్లేదు. స్థలం గ్రామకంఠంలో (ఊరి ఇళ్ల కోసం విడిచిన భూమిలో) ఉంటే ఇంటింటికీ విడి సర్వే నంబరు దొరక్కపోవచ్చు, అప్పుడు ఆ స్థలం ఇంతకుముందు చేతులు మారినప్పటి పాత లింకు దస్తావేజులే దిక్కు. తూర్పువాళ్ల దస్తావేజు నకలు కూడా సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో తీయించండి. అందులో పడమర హద్దు, కొలత ఏం రాశారో చూస్తే సగం తగాదా అక్కడే తేలుతుంది.

ఇక గోడ వయసు. అది 12 ఏళ్లకి పైగా బాహాటంగా నిలిచి ఉంటే, ఆ ముక్క మీద హక్కు తమదేనని వాళ్లు కోర్టులో వాదించగలరు. ‘కొన్నాక పడగొట్టిద్దాం’ అనుకుంటే ఆ దావా మీ నెత్తిన పడుతుంది. నన్నడిగితే గోడని ఒప్పేసుకుని ధర దించమంటాను. 14.67 గజాలకి 2,64,000. లేని స్థలానికి కట్టబోయే రిజిస్ట్రేషన్ ఖర్చు, 7.5 శాతం చొప్పున, మరో 19,800 మిగులుతుంది.

దస్తావేజు షెడ్యూలు (హద్దులు, కొలతలు రాసే భాగం) మీరే దగ్గరుండి చూసుకోండి. పాతదాన్ని చూసి మక్కీకి మక్కీ దించేస్తారు. విస్తీర్ణం 242 గజాలని రాసి, తూర్పు హద్దు ‘పక్కవారి ప్రహరీ’ అని పెట్టారంటే, హద్దుకీ విస్తీర్ణానికీ పొంతన లేనప్పుడు కోర్టులు సాధారణంగా చూసేది హద్దునే. 242 కాగితం మీదే ఉండిపోతుంది. నాలుగు వైపుల కొలతలూ విడివిడిగా, సర్వేలో వచ్చినవే రాయించండి.

బోదె వైపు 4 అడుగుల్లో ఏం కట్టారో చూడండి. ఎక్కువగా సెప్టిక్ ట్యాంకో బాత్‌రూమో ఉంటుంది. రేపు బోదె బాగుచేయడానికి వచ్చి తీసెయ్యమంటే ఆ ఖర్చు మీదే. అమ్మేవారినే ముందు లోపలికి మార్చమనండి, లేదా మేస్త్రీ చెప్పిన ఖర్చు ధరలో కోయండి. ఆ ముక్కని షెడ్యూల్లో మాత్రం కలపనివ్వొద్దు.

పది రోజుల్లో ఇవన్నీ అవ్వవు. అగ్రిమెంటు వెనక గడువు పొడిగింపు రాయించి, ఇద్దరూ, సాక్షులూ సంతకాలు చేయండి. సర్వేలో హద్దు తేలకపోతే బయానా వాపసు అన్న మాట కూడా అందులోనే ఉండాలి. బ్యాంకుకీ చెప్పండి: ధర 62.36 లక్షలైతే, 80 శాతం లెక్కన లోను 52 నుంచి 49.89 లక్షలకి దిగుతుంది, మీ చేతి డబ్బు 13 నుంచి 12.47కి. ధర దిగినా 50 లక్షలు దాటింది కాబట్టి 1 శాతం టీడీఎస్ (అమ్మేవారికిచ్చే డబ్బులోంచి ముందే కోసే ఆదాయపు పన్ను) కోసి కట్టాల్సింది మీరే. బయానా ఇచ్చినప్పుడు ఆ 5,000 కోసుకోకపోతే ఆడిటర్ని ఈ వారమే కలవండి, ఆలస్యానికి వడ్డీ పడుతుంది.