వారంటీ ఉండగానే బ్యాంక్ గ్యారంటీ ముగిసిపోతుంటే

మీ విశ్వవిద్యాలయం కొన్న హెచ్‌పీఎల్‌సీకి (ద్రావణంలోని రసాయనాలను విడదీసి కొలిచే ల్యాబ్ యంత్రం) సరఫరాదారు ఇచ్చిన బ్యాంక్ గ్యారంటీ, అంటే అతను మాట తప్పితే సొమ్ము చెల్లిస్తానని బ్యాంకు రాసిచ్చిన హామీ, వారంటీ కంటే ముందే ముగిసిపోతోంది, అతనేమో పలకడం లేదు, ఏం చేయాలని అడిగారు. గ్యారంటీ గడువును ఇన్‌స్టలేషన్ తేదీ నుంచి కాక ఆర్డర్ తేదీ నుంచి లెక్కకట్టి ఉంటారు. అందుకే మీ హెచ్‌పీఎల్‌సీకి ఇంకా ఏడాది వారంటీ ఉండగానే గ్యారంటీ ఈ నెలాఖరుతో అయిపోతోంది. మీది కేంద్ర విశ్వవిద్యాలయం కాబట్టి జీఎఫ్‌ఆర్ (కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి) 2017, 171వ నియమం వర్తిస్తుంది: వారంటీతో సహా అన్ని బాధ్యతలూ తీరాక మరో 60 రోజులు సెక్యూరిటీ (సరఫరాదారు ఇచ్చే పూచీ, ఇక్కడ ఈ గ్యారంటీయే) అమల్లో ఉండాలి.

సరఫరాదారు పలకడం లేదన్నారు కదా, అతనికి ఇంకో రిమైండర్ రాస్తూ కూర్చోకండి. రాయాల్సింది బ్యాంకుకు.

1. గ్యారంటీ పత్రంలో చెల్లుబాటు తేదీ, క్లెయిమ్ తేదీ (సొమ్ము అడగడానికి చివరి రోజు) రెండూ చూడండి. ముందు వచ్చేదాన్నే గడువు అనుకోండి.

2. జారీ చేసిన బ్రాంచికి ఇలా రాయండి: "ఫలానా తేదీ వరకు పొడిగించండి, లేదా ఈ లేఖనే క్లెయిమ్‌గా తీసుకుని పూర్తి సొమ్ము చెల్లించండి." చాలామంది ఆ రెండో సగం వదిలేస్తారు. ఉత్త "పొడిగించండి" అంటే అది క్లెయిమ్ కాదు. తేదీ దాటాక బ్యాంకు పైసా ఇవ్వదు. ఆర్డర్‌లో సెక్యూరిటీ కొనసాగించాలన్న షరతును, సరఫరాదారు దాన్ని ఎలా తప్పాడో, గ్యారంటీలో ఉన్న మాటలతోనే రాయండి.

3. గ్యారంటీ రిజిస్ట్రార్ పేరిట ఉంటే సంతకం రిజిస్ట్రారుదే ఉండాలి. స్టోర్స్ సెక్షన్ సంతకంతో వెళ్తే తిప్పి పంపే అవకాశం ఉంది.

4. లేఖతో మనిషినే పంపండి. కాపీ మీద బ్రాంచి ముద్ర, తేదీ తప్పనిసరి.

5. పొడిగింపు పత్రం సరఫరాదారు తెచ్చిచ్చినా, అది నిజమైనదేనని బ్యాంకు నుంచి నేరుగా రాతపూర్వకంగా తెప్పించుకోండి. అంతవరకు పాత ఒరిజినల్ ఎవరికీ ఇవ్వొద్దు.