నీటి వసతి లేని బీడులో అడవి ఆముదం వేస్తే గిట్టుబాటు అవుతుందా?

నీటి వసతి లేని బీడు భూమిలో జట్రోఫా, అంటే అడవి ఆముదం, వేసి గింజలను బయోడీజిల్ తయారీకి అమ్ముకుంటే గిట్టుబాటు అవుతుందా అని మీరు అడిగారు. చేనులోనూ గట్ల మీదా ఈ మొక్కను కొన్నేళ్ళు పెంచిన అనుభవంతో చెబుతున్నాను: నీరు లేకపోయినా మొక్క బతుకుతుంది గానీ, అమ్ముకునేంత కాపు రాదు. వేసవిలో ఆకు రాల్చి మోడులా నిలబడి, వానలు పడగానే మళ్ళీ చిగురిస్తుంది కనుక ఇది కరువు పంట అన్న ప్రచారం జరిగింది. అయితే ఎరువు, తడి లేకుండా వదిలేసిన మొక్కలకు ఆకులే తప్ప గుత్తులు అంతంతమాత్రంగానే వచ్చాయి. తడులు అందిన సాళ్ళలోనే చెప్పుకోదగ్గ కాపు కనిపించింది. నీరూ ఎరువూ పెట్టగలిగిన నేలే ఉంటే అందులో తిండిగింజలే పండించుకోవచ్చు కదా!

గింజ బరువులో సుమారు మూడో వంతు నూనె ఉంటుందన్న మాట నిజమే. 2008 డిసెంబరులో ఎయిర్ న్యూజిలాండ్ సంస్థ బోయింగ్ 747 విమానంలోని ఒక ఇంజన్‌ను సగం జట్రోఫా ఇంధనం కలిపి నడిపి చూపింది కూడా. ఇంధనంగా దానికి వంక పెట్టలేం, చిక్కంతా కోత దగ్గరే ఉంది. ఒకే గుత్తిలో పచ్చి కాయ, పసుపు కాయ, ఎండి నల్లబడిన కాయ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి అన్నిటినీ ఒకేసారి కోసేయడం కుదరదు. పండినవాటిని మాత్రమే చేత్తో ఏరుకుంటూ, కాపు ఉన్నన్నాళ్ళూ అదే చెట్టు చుట్టూ మళ్ళీ మళ్ళీ తిరగాలి. తొడిమ తెగినచోట కారే పాలు బట్టకు అంటితే ఆ మరక ఒక పట్టాన వదలదు. గింజకు వచ్చే ధరలో పెద్ద భాగాన్ని ఈ ఏరుడు కూలీయే మింగేస్తుంది.

అయినా వేయదలిస్తే గింజతో పెంచిన నారునే నాటండి. కొమ్మలు నాటితే త్వరగా కాపుకొస్తాయి గానీ, వాటికి తల్లివేరు ఉండదు కనుక బెట్టను అంతగా తట్టుకోలేవు. పూత కొమ్మల చివర్లలోనే వస్తుంది కాబట్టి, ఆకు రాలిన కాలంలో తలలు కత్తిరిస్తే పక్క కొమ్మలు పెరిగి గుత్తులూ పెరుగుతాయి. నీరు నిలిచే పల్లంలో మాత్రం అసలు వద్దు, వేరు కుళ్ళిపోతుంది.

నా మట్టుకు నేను దీన్ని పంటగా కాక కంచెగానే సిఫారసు చేస్తాను. పశువులు దీని ఆకును ముట్టవు, గట్టు మట్టి కోసుకుపోకుండా వేళ్ళు పట్టి ఉంచుతాయి, రాలిన గింజ అదనపు ఆదాయం అవుతుంది. నూనె తీశాక మిగిలే చెక్క మంచి ఎరువు. అందులో ఫోర్బాల్ ఎస్టర్లనే విష పదార్థాలు ఉంటాయి కనుక దాణాలో కలపకండి, గింజలను పిల్లలకు అందకుండా దాచండి.