మార్టగేజ్ బకాయి పడ్డారా? బ్యాంకు అమ్మేలోపు మీరే అమ్ముకోండి

యూకేలో ఇల్లు కొన్న మనవాళ్ళు ఈ మధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. "మూడు నాలుగు నెలలుగా మార్టగేజ్, అంటే ఇంటి లోన్ కిస్తీ, కట్టలేదు, బ్యాంకు నుంచి ఉత్తరాలు వస్తున్నాయి, పైగా పాత క్రెడిట్ కార్డు అప్పుకి ఎవరో ఇంటి మీద చార్జి కూడా వేయించారు, ఇలాంటప్పుడు ఇల్లు అమ్మడం అసలు కుదురుతుందా?" కుదురుతుంది. బకాయిలున్నా, చార్జీలున్నా (అప్పు తీరేదాకా ఇంటిని పూచీగా పట్టుకునే హక్కునే చార్జి అంటారు), చివరికి కోర్టు పొజెషన్ ఆర్డర్, అంటే ఇల్లు బ్యాంకుకి అప్పగించమనే ఆదేశం, ఇచ్చేసినా సరే, బెయిలిఫ్‌లు, అంటే కోర్టు మనుషులు, వచ్చి తాళాలు మార్చేదాకా ఇల్లు మీ చేతిలోనే ఉంటుంది, మీరే అమ్ముకోవచ్చు. కాకపోతే ఇక్కడ ఇల్లు అమ్మడమంటే కొనేవాళ్ళు దొరికాక కూడా సొలిసిటర్ల, అంటే ఇల్లు చేతులు మారే కాగితాలు చూసే లాయర్ల, పనికి మూడు నెలలైనా పడుతుంది. అందుకే ఆలస్యంగా మేలుకుంటే చట్టం ఒప్పుకున్నా క్యాలెండర్ ఒప్పుకోదు.

ముందే చెప్పేస్తున్నాను, ఇదంతా ఇంగ్లండ్, వేల్స్ సంగతి. స్కాట్లాండ్‌లో పద్ధతి వేరు.

ఇందులో ఎవరినీ తప్పుపట్టే పని లేదు. 2021 డిసెంబర్ దాకా 0.1 శాతం ఉన్న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు 2023 ఆగస్టుకల్లా 5.25 అయింది. చవక రేటుకి ఫిక్స్ చేసుకున్నవాళ్ళకి ఆ గడువు అయిపోగానే నెలకి కట్టాల్సింది ఒక్కసారిగా పెరిగిపోయింది. దానికి తోడు కాంట్రాక్టు పోవడమో, భార్యాభర్తల్లో ఒకరి ఉద్యోగం ఊడడమో జరిగితే ఎంత జాగ్రత్తగా ఉన్నవాళ్ళైనా తట్టుకోలేరు. నా బాధల్లా ఆ తర్వాత మనవాళ్ళు చేసే పని గురించే. ఎవరికీ చెప్పరు. ఉత్తరాలు విప్పరు. రోజుకి ఐదుసార్లు ఫోన్ చేసి విసిగించే క్రెడిట్ కార్డు వాళ్ళకి ఉన్న డబ్బంతా కట్టేస్తారు, మర్యాదగా ఉత్తరం రాసే మార్టగేజ్ బ్యాంకుని పక్కన పెడతారు. చేయాల్సింది సరిగ్గా దానికి తిరగేసి. ముందు ఇంటి మీద అప్పు, తర్వాతే కార్డులు.

మొదటి పని, మీ ఇంటి మీద ఎవరెవరి పేర్లున్నాయో చూసుకోవడం. ఇళ్ళ, భూముల రికార్డులు ఉంచే ప్రభుత్వ సంస్థ హెచ్ఎం ల్యాండ్ రిజిస్ట్రీ సైట్‌లో 7 పౌండ్లు కడితే టైటిల్ రిజిస్టర్ వెంటనే డౌన్‌లోడ్ అవుతుంది. అందులో మూడు భాగాలుంటాయి. మొదటిదైన ఏ (A) భాగంలో ఇంటి వివరాలు, బీ (B) భాగంలో ఓనర్ల పేర్లు, వాటి కింద ఆంక్షలు, సీ (C) భాగంలో చార్జీలు. సీ భాగంలో మొదట మీ మార్టగేజ్ బ్యాంకు కనిపిస్తుంది, ఎప్పుడో ఇంటి మీద రెండో లోన్ తీసుకుని ఉంటే అది దాని కింద, కోర్టుకెళ్ళిన అప్పులవాళ్ళ చార్జింగ్ ఆర్డర్ దాని కింద. ఇల్లు అమ్మిన డబ్బు దాదాపు ఈ వరుసలోనే వెళ్తుంది. ముందున్నవాడు పూర్తిగా తీసుకున్నాకే వెనకున్నవాడికి.

చార్జింగ్ ఆర్డర్ అంటే చాలామంది హడలిపోతారు గానీ అది చేసేది ఒకటే, ఏ పూచీ లేని కార్డు అప్పుని తెచ్చి ఇంటికి కట్టేస్తుంది. అప్పిచ్చినవాడు ముందు కౌంటీ కోర్టులో తీర్పు తెచ్చుకోవాలి, దాన్నే అందరూ సీసీజే అంటారు. ఆ తర్వాత తాత్కాలిక ఆర్డర్, ఆ తర్వాత ఫైనల్. తాత్కాలికం వచ్చినప్పుడు అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఉంటుంది, ఉత్తరం విప్పకపోతే అదీ పోతుంది. ఇల్లు ఇద్దరి పేర్ల మీద ఉండి అప్పు ఒక్కరిదే అయితే మాత్రం అది సీ భాగంలో చార్జిగా ఎక్కదు, బీ భాగంలో ఆంక్షగా ఎక్కుతుంది. కాగితం మీద చూస్తే అది బలహీనమైన కట్టు, అమ్మకం గురించి ఆ అప్పులవాడికి నోటీసు ఇస్తే చాలు. నిజానికి జరిగేది ఏమిటంటే, కొనేవాళ్ళ సొలిసిటర్ ఆ లైన్ తీసేయించి ఇస్తే తప్ప కదలనంటాడు, చివరికి అదీ అమ్మిన డబ్బులోంచే తీరుతుంది. కాబట్టి దాన్ని కూడా మీ లెక్కలో వేసుకోండి.

ఇప్పుడు లెక్క. ఊహించి వేస్తున్న అంకెలే అనుకోండి. ఇల్లు మీరే 3,00,000 పౌండ్లకి అమ్మారు. బకాయిలతో కలిపి మార్టగేజ్ 2,45,000, రెండో లోన్ 18,000, చార్జింగ్ ఆర్డర్ 11,000, ఏజెంటుకీ సొలిసిటర్‌కీ కలిపి 6,000. అన్నీ పోను మీకు 20,000 మిగిలింది. అదే ఇల్లు బ్యాంకు స్వాధీనం చేసుకుని వేలంలో 2,75,000కి అమ్మిందనుకోండి. ఈలోపు పెరిగిన వడ్డీ, కోర్టు ఫీజులు, వాళ్ళ లాయర్ల ఖర్చులు అన్నీ మీ ఖాతాకే ఎక్కుతాయి కాబట్టి మార్టగేజ్ 2,53,000 అయింది, అమ్మకం ఖర్చు ఇంకో 6,000. మిగిలిన 16,000 రెండో లోన్‌కే చాలలేదు, చార్జింగ్ ఆర్డర్ వాడికి పైసా రాలేదు. ఇల్లూ పోయింది, పైగా 13,000 అప్పు నెత్తిన మిగిలింది. మంచి ధర తెచ్చే బాధ్యత బ్యాంకు మీద కూడా ఉంది, కాదనను. కానీ ఖాళీ చేసిన ఇంటికి, అందులోనూ త్వరగా వదిలించుకోవాల్సిన ఇంటికి వచ్చే ధర ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు.

"తాళాలు బ్యాంకుకి ఇచ్చేస్తే గొడవ వదులుతుంది కదా" అంటారు కొందరు. వదలదు. బ్యాంకు ఇల్లు అమ్మేదాకా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది, అమ్మాక తక్కువ పడిందాన్ని మీ దగ్గరే వసూలు చేస్తారు. ఆ లోటు అడగదలుచుకుంటే అమ్మిన 6 ఏళ్ళలోపు మీకు తెలియజేయాలని నియమం ఉంది. అసలు సొమ్ము కోసం కోర్టుకి వెళ్ళడానికైతే వాళ్ళకి 12 ఏళ్ళ గడువుంది.

బ్యాంకుతో మాట్లాడటం గురించి. ఇక్కడి బ్యాంకులకి వాటిని నియంత్రించే సంస్థ ఎఫ్‌సీఏ పెట్టిన నిబంధనలున్నాయి, ఇల్లు లాక్కోవడం ఆఖరి మార్గంగానే ఉండాలి. కోర్టుకి వెళ్ళేముందు పాటించాల్సిన ప్రోటోకాల్ ఒకటుంది. మీరు సరైన ధరకి ఇల్లు అమ్మకానికి పెట్టి నిజంగా ప్రయత్నిస్తుంటే కేసు వేయడం వాయిదా వేసే విషయం బ్యాంకు ఆలోచించాలని అందులో ఉంది. అందుకని "అమ్ముతాం, కొంచెం టైమివ్వండి" అని ఫోన్లో బతిమాలి వదిలేయకండి. ఏజెంటుతో చేసుకున్న ఒప్పందం కాపీ, అమ్మకం ప్రకటన, ఈపీసీ (ఇల్లు ఎంత ఇంధనం వాడుతుందో చెప్పే సర్టిఫికెట్), వచ్చిన ఆఫర్లు అన్నీ ఈమెయిల్లో పంపండి. బ్యాంకు నేరుగా ఏజెంటుతో మాట్లాడటానికి అనుమతి కూడా రాసివ్వండి. పూర్తి కిస్తీ కట్టలేకపోయినా కట్టగలిగినంత ప్రతినెలా కడుతూ ఉండండి, రేపు కోర్టులో అదే మీ తరఫు సాక్ష్యం. 2023 జూన్‌లో వచ్చిన మార్టగేజ్ చార్టర్‌లో చేరిన బ్యాంకులైతే, అసాధారణ పరిస్థితులు ఉంటే తప్ప, మొదటి కిస్తీ తప్పిన 12 నెలలలోపు మీ ఒప్పుకోలు లేకుండా ఇల్లు స్వాధీనం చేసుకోమని మాటిచ్చాయి. మీ బ్యాంకు అందులో ఉందో లేదో అడగండి. ఉంటే ఆ ఏడాదిని అమ్మకానికి వాడుకోండి, ఆలోచించుకోవడానికి వాడితే ఇట్టే అయిపోతుంది.

అమ్మేటప్పుడు మనవాళ్ళు పడే పెద్ద చిక్కు ధర దగ్గరే. వంటిల్లు కొత్తగా చేయించాం, లాఫ్ట్‌లో గది కట్టించాం, ఇంతకి తగ్గేది లేదని కూర్చుంటారు. మీ వీధిలో ఏ ఇల్లు ఎంతకి పోయిందో ల్యాండ్ రిజిస్ట్రీ లెక్కల్లో ఎవరికైనా కనిపిస్తుంది, దాని చుట్టుపక్కలే పెట్టండి. ఎక్కువ చెప్పినందువల్ల కొనేవాళ్ళు రారు, పైగా ఇది అమ్మే ఉద్దేశం లేని ధర అని జడ్జి కూడా అనుకుంటారు. రెండు ఆఫర్లు వచ్చినప్పుడు నాలుగైదు వేలు తక్కువైనా తమ ఇల్లు అమ్ముడుపోయేదాకా ఆగక్కర్లేనివాళ్ళని, అంటే చెయిన్ లేనివాళ్ళని ఎంచుకోండి. సొలిసిటర్‌కి మొదటిరోజే బకాయిల సంగతి పూర్తిగా చెప్పేయండి. ఆయనే ప్రతి చార్జీదారు నుంచి రిడెంప్షన్ స్టేట్‌మెంట్, అంటే ఫలానా తేదీకి ఎంత కడితే ఖాతా మూసేస్తారో ఆ లెక్క, తెప్పించాలి. ఫిక్స్‌డ్ రేటు గడువు ఇంకా ఉంటే ముందస్తు చెల్లింపు జరిమానా ఎంతో కూడా అందులో చూసుకోండి. అన్ని చార్జీలకీ డబ్బు చాలకపోతే మాత్రం వెనకవరసలో ఉన్నవాళ్ళు తక్కువకి ఒప్పుకుని వదలాలి. ఆ బేరం ఆఫర్ రాకముందే మొదలుపెట్టాలి. మార్టగేజ్‌కే చాలని పరిస్థితైతే బ్యాంకు అనుమతి లేనిదే అమ్మకం జరగదు.

కోర్టు నుంచి తేదీ వస్తే వెళ్ళి తీరాలి. ఆరోజు కొద్ది నిమిషాల్లోనే తేలిపోతుంది, మీరు లేకపోతే మీ మాట చెప్పేవాళ్ళే ఉండరు. ఇంటి విలువలో అప్పులు పోను మీ వాటా తగినంత ఉందని, కొనేవాళ్ళు ఉన్నారని కాగితాలతో చూపిస్తే అమ్ముకోవడానికి జడ్జి టైమివ్వచ్చు. లేదంటే మామూలుగా 28 రోజుల్లో ఖాళీ చేయమని ఆర్డర్ వస్తుంది. ఆ తర్వాత బెయిలిఫ్ తేదీ పడినా ఎన్244 అనే ఫారంతో ఆపమని అడగవచ్చు. ఒప్పందాలు ఎక్స్చేంజ్ అయ్యి, అంటే ఇరువైపులా సంతకాలతో అమ్మకం ఖాయమై, అది పూర్తయ్యే తేదీ చేతిలో ఉంటే ఆ అడగడానికి బలం ఉంటుంది. ఇంత పనికి లాయరు ఖర్చు ఎక్కడ పెట్టుకోగలమని భయపడకండి. 2023 ఆగస్టు 1 నుంచి హౌసింగ్ లాస్ ప్రివెన్షన్ అడ్వైస్ సర్వీస్ అని ఒకటి ఉంది, బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకుంటానని రాతపూర్వకంగా చెప్పినప్పటి నుంచి ఉచితంగా న్యాయ సలహా ఇస్తారు, కోర్టు రోజున మీ తరఫున మాట్లాడతారు కూడా. జీతం ఎంత అని అడగరు. మిగతా అప్పుల సంగతికి స్టెప్‌చేంజ్, నేషనల్ డెట్‌లైన్, సిటిజన్స్ అడ్వైస్ ఉన్నాయి, ఇవీ ఉచితమే. వీళ్ళ ద్వారానే బ్రీతింగ్ స్పేస్ కింద 60 రోజులు అప్పులవాళ్ళ చర్యలు ఆపించుకోవచ్చు. అయితే ఆ రోజుల్లో కూడా నడుస్తున్న నెల మార్టగేజ్ కట్టుకుంటూ పోవాలి.

వీసా మీద ఉన్నవాళ్ళు ఒకటి గమనించండి. మీ వీసాలో పబ్లిక్ ఫండ్స్‌కి, అంటే ప్రభుత్వ సాయాలకి, వీల్లేదని ఉంటే యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ భత్యం, దాంతోపాటు వచ్చే మార్టగేజ్ వడ్డీ సాయం, ఇల్లు పోతే కౌన్సిల్ ఇచ్చే వసతి ఇవేవీ ముట్టుకోకూడదు. ఉచిత న్యాయ సలహా వాటిలోకి రాదు, నిర్భయంగా వాడుకోండి. ఐఎల్ఆర్, అంటే ఇక్కడే ఉండిపోయే అనుమతి, వచ్చినవాళ్ళకి ఆ సాయాలన్నీ అడిగే హక్కు ఉంటుంది, కాకపోతే వడ్డీ సాయం కూడా అప్పే, ఇల్లు అమ్మినప్పుడు పట్టుకుంటారు.

ఇక మనవాళ్ళ మధ్యే తిరిగే ఉపాయాలు రెండున్నాయి. "బావమరిది పేరు మీదకి మార్చేద్దాం" అనేది ఒకటి. మార్టగేజ్ ఉండగా బ్యాంకు ఒప్పుకోకుండా అది జరగదు. జరిగినా అప్పులవాళ్ళని ఎగ్గొట్టడానికి చేసిన బదిలీని 1986 ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద కోర్టు కొట్టేయగలదు, బావమరిది కూడా ఇరుక్కుంటాడు. రెండోది, ఫలానా ఆయన క్యాష్ పెట్టి వారంలో కొనేస్తాడు, మనం అద్దెకి అందులోనే ఉండొచ్చు అనే మాట. అమ్మినవాళ్ళకే తిరిగి అద్దెకిచ్చే ఇలాంటి వ్యాపారం చేయాలంటే ఎఫ్‌సీఏ అనుమతి ఉండాలి. అనుమతి లేకుండా నోటిమాట మీద నడిపే పెద్దమనిషి ఎంత మన ఊరివాడైనా నమస్కారం పెట్టి వచ్చేయండి. మార్కెట్ ధరలో బాగా కోసి కొంటాడు, అద్దెకి ఎన్నాళ్ళు ఉండనిస్తాడో ఆయన దయ.

ఇండియాలో ప్లాటు అమ్మి తెచ్చి కడతాం అనేవాళ్ళకి నేను అడ్డు చెప్పను. కానీ రిజిస్ట్రేషన్, టీడీఎస్ (అమ్మకం డబ్బులో ముందే కోసే పన్ను), ఎన్ఆర్ఓ ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్ళకి ఇండియాలో ఉండే బ్యాంకు ఖాతా), డబ్బు బయటికి పంపడానికి కావాల్సిన పన్ను కాగితాలు ఇవన్నీ దాటి డబ్బు ఇక్కడికి చేరేసరికి ఎంత పడుతుందో ముందు కనుక్కోండి. ఆ డబ్బు మీద భరోసాతో ఇక్కడ అమ్మకం ఆపుకోవద్దు.

ఉద్యోగం పోయి, వీసా స్పాన్సర్‌షిప్ ఆగిపోయి, హోం ఆఫీస్ సాధారణంగా ఇచ్చే 60 రోజుల్లో వెనక్కి వెళ్ళాల్సి వస్తే ఇల్లు అంత తొందరగా అమ్ముడవకపోవచ్చు. విమానం ఎక్కేముందే ఇక్కడ నమ్మకస్తులకి సొలిసిటర్ ద్వారా పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వండి. ఇద్దరి పేర్ల మీద ఉంటే ఇద్దరూ రాయాలి. ఖాళీ ఇంటికి ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో అడగండి, బ్యాంకు ఉత్తరాలు అందే అడ్రసు ఇవ్వండి. నాన్ రెసిడెంట్ అయ్యాక అమ్మితే పన్ను ఏమీ పడకపోయినా అమ్మకం పూర్తయిన 60 రోజుల్లో ఇక్కడి పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీకి రిపోర్ట్ చేయాలి, ఆలస్యమైతే దానికి వేరే జరిమానా.