కవరు విప్పకు, గడిలో వెయ్యి

చిరంజీవి అమ్మడుకి,

విజయవాడ నుంచి పెదనాన్న ఆశీస్సులు. మొన్న రాత్రి పదకొండింటికి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ పొద్దున విన్నాను. "పెదనాన్నా, ప్రశాంతంగా ఉంటుందని ధ్యానానికి కూర్చుంటే, కూర్చోకముందే నయమనిపిస్తోంది. కళ్లు మూసుకుంటే చాలు బుర్రలో సంత. ఇది నాకు వచ్చే విద్య కాదులే" అన్నావు. మీ పెద్దమ్మ పక్కనే ఉండి విని, "అచ్చం మీ పోలికే" అని నవ్వింది. ఫోన్‌లో చెబుదామంటే మధ్యలో నీకు ఇంకో కాల్ వస్తుంది. అందుకే రాస్తున్నాను. బతుకంతా ఉత్తరాల మధ్య గడిపినవాణ్ని, రాయడానికి నాకు వంక అక్కర్లేదు.

ముందు నా ఘనకార్యం విను. 2008లో రిటైరయ్యాను. రాత్రి డ్యూటీలు చేసి చేసి నిద్ర ఎప్పుడో పాడైంది. ఒక్కసారిగా పని లేకుండా పోయేసరికి ఇంట్లో అందరి మీదా విసుగు. ఎవరో ధ్యానం చెయ్యమన్నారు. మనవైపు "శ్వాస మీద ధ్యాస" అనే మాట ఊరూరా వినిపిస్తుంది కదా. ఎవరి వయసెంతో రోజూ అన్ని నిమిషాలు కూర్చోవాలని ఒక లెక్క కూడా ఉంది. నాకు అప్పటికి అరవై. తొలిరోజే అరవై నిమిషాలు కూర్చుని తీరాలని పంతం పట్టాను. పది నిమిషాలకి మోకాళ్లు గుర్తొచ్చాయి, ఇరవై నిమిషాలకి పెన్షన్ కాగితాలు, ఆ తర్వాత 1983లో నాతో మాటామాటా పెంచుకున్న ఒక పైఅధికారి. ఆ రోజు ఆయన్ని అనలేకపోయినవన్నీ అరగంట సేపు తీరిగ్గా అన్నాను. గంట పూర్తయ్యాక లేవబోతే రెండు కాళ్లూ తిమ్మిరెక్కి, తూలి, నీళ్ల బిందె మీద పడ్డాను. బిందెకి ఆ సొట్ట ఇంకా ఉంది.

అలా ఓ రెండు నెలలు మానేశాను. మళ్లీ దారిలో పెట్టింది నా పాత ఉద్యోగమే.

నేను ఆర్.ఎం.ఎస్.లో, అదే రైల్వే మెయిల్ సర్వీస్‌లో చేశానని నీకు తెలుసు. ఏం పని చేసేవాణ్నో ఎప్పుడూ చెప్పలేదు. రాత్రిపూట రైలు పరుగెడుతుంటే మెయిల్ వ్యాన్‌లో నిలబడి ఉత్తరాలు సార్ట్ చేసేవాళ్లం. ఎదురుగా గోడ పొడవునా గళ్లు గళ్లుగా చెక్క అర, దాన్ని సార్టింగ్ కేస్ అంటాం. ఒక్కో గడి ఒక్కో ఊరికి. ఎడమచేతిలో ఉత్తరాల కట్ట, కుడిచేత్తో ఒక్కొక్కటే లాగి గడిలో వెయ్యడం. నేను చేరిన కొత్తలో పిన్‌కోడ్ కూడా లేదు, అది 1972 ఆగస్టు 15న వచ్చింది. వచ్చాక మొదటి మూడంకెలు చూస్తే చాలు. 520 విజయవాడ, 530 విశాఖపట్నం, 500 హైదరాబాద్. వ్యాన్ ఊగుతుంది, లైటు మసగ్గా ఉంటుంది, చెయ్యి మాత్రం ఆగకూడదు. లోపల పెళ్లి కబురుందో, చావు కబురుందో, అప్పు తీర్చమనే దబాయింపుందో మనకి అనవసరం. విప్పితే ఉద్యోగం పోతుందన్నది ఒక సంగతి. విప్పి చదువుతూ నిలబడితే వచ్చే స్టేషన్‌లో దిగాల్సిన సంచి దిగకుండా పోతుంది, అది అసలు సంగతి.

ఒకరోజు మళ్లీ ప్రయత్నిద్దామని కూర్చున్నాను. ఆ పైఅధికారి మళ్లీ వచ్చాడు. ఎందుకో మరి, ఒళ్లో ఉన్న కుడిచెయ్యి కాస్త కదిలింది. 'పాత గొడవ' అనుకున్నాను లోపల్లోపల, గడిలో వేసినట్టు. వేసి ఊపిరి దగ్గరికి వచ్చేశాను. రెండు ఊపిర్లు తీసేలోగా ఆయన మళ్లీ హాజరు. మళ్లీ వేశాను. ఆ పావుగంటలో ఆయన్ని ఇరవైసార్లయినా వేసి ఉంటాను. లేచాక చూస్తే ఒంట్లో ఏదో తేలికగా ఉంది.

నువ్వు పడుతున్న తిప్పలకి మూలం ఇక్కడే ఉంది, అమ్మడూ. ఆలోచనలు రాకుండా ఆపడమే ధ్యానమనుకుంటున్నావు. ఉత్తరాలు రాయొద్దని ఏ సార్టరూ జనానికి చెప్పలేడు. కట్ట వస్తూనే ఉంటుంది. వచ్చినదాన్ని గుర్తుపట్టి, ఒక్క మాటలో పేరు పెట్టి, గడిలో వేసి ఊపిరి దగ్గరికి రావడమే పని. 'ఆఫీసు'. 'గొడవ'. 'రేపటి పని'. 'పాట'. అంతే. 'అబ్బా, మళ్లీ పోయానే' అని నిన్ను నువ్వు తిట్టుకుంటావే, ఆ తిట్టూ ఒక కవరే. 'తిట్టు' అని అదీ వేసెయ్యి. పది నిమిషాల్లో ముప్ఫైసార్లు మనసు పారిపోయి ముప్ఫైసార్లు వెనక్కొచ్చావంటే ఆ రోజు పని బాగా జరిగినట్టు లెక్క. ఒక్కసారీ పోలేదంటే నిద్రపోయావేమో చూసుకో.

నువ్వు లెక్కలుంటే తప్ప నమ్మవు కాబట్టి ఒకటి చెప్తాను. 2010లో హార్వర్డ్ పరిశోధకులు ఇద్దరు 2,250 మందికి రోజులో ఎప్పుడు పడితే అప్పుడు ఫోన్‌లో ప్రశ్నలు పంపి, ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనసెక్కడుంది అని అడిగారు. దాదాపు 47 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదని తేలింది. అంటే సంత నీ ఒక్కదాని బుర్రలోనే కాదు, కళ్లు మూసుకున్నందువల్ల మొదలైందీ కాదు. రోజంతా జరుగుతూనే ఉంది, ధ్యానానికి కూర్చున్నప్పుడు నీకు వినపడుతోంది. ఫ్రిజ్ చప్పుడు పగలు వినపడదు చూడు, అలాగన్నమాట. గీతలో అర్జునుడంతటివాడు మనసుని పట్టడం గాలిని పట్టినంత కష్టమని మొత్తుకుంటే కృష్ణుడు ఆయన్ని కోప్పడలేదు. 'అసంశయం' అని మొదలుపెట్టాడు, నిజమే, అందులో అనుమానం లేదని. అభ్యాసంతో, వైరాగ్యంతో మనసు చిక్కుతుందన్న మాట ఆ తర్వాత వచ్చింది. వైరాగ్యమంటే ఏమిటని నన్నడిగితే, నాకు తెలిసినంతలో, కవరు విప్పకపోవడమే.

ఇక్కడ నువ్వు ఊరుకోవు, అన్నీ కవర్లే ఉంటాయా అంటావు. ఉండవు. పోస్టుకార్డులుంటాయి. కార్డుని చదవకుండా ఉండటం ఎవరి తరం? అడ్రసు వెతికేలోపు కన్ను మొత్తం చదివేస్తుంది. కొన్ని ఆలోచనలు అంతే, వచ్చాయని తెలిసేసరికే సగం ఆలోచించేసి ఉంటాం. ఫర్వాలేదు. చదివేసినా కార్డుని గడిలోనే వేసేవాళ్లం, జవాబు రాస్తూ కూర్చునేవాళ్లం కాదు. ఇక రిజిస్టర్డ్ కవర్లు. (రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు, నాకైతే సొంతవాళ్లు పోయినట్టే ఉంది.) అవి ఊరికే పోయేవి కావు, సంతకం పెట్టి తీసుకోవాల్సి వచ్చేది. మీ నాన్న చనిపోయిన ఏడాది నాకు ప్రతి పొద్దునా అదే కవరు వచ్చేది. అలాంటిదాన్ని 'ఆలోచన' అని పక్కకి తోసెయ్యకు. 'వచ్చావా, తమ్ముడి బెంగ' అని ఒప్పుకుని, అది గొంతులో పట్టేసిందా, గుండెలో బరువుగా ఉందా అని ఒక్క నిమిషం చూడు. ఏడుపొస్తే ఏడు. తర్వాత ఊపిరి దగ్గరికి రా.

ఇప్పుడు కూర్చునే సంగతి. ఐదు నిమిషాలు చాలు. రెండు వారాల దాకా ఆరో నిమిషం కూర్చోకు, ఎంత బావున్నా సరే. నువ్వు దేనికైనా ఎగబడి వారానికే వదిలేసే రకం, గిటార్ మంచం కింద ఎలా ఉందో నేను చూశాను. నేల మీద బాసింపట్టు వేసుకునేటట్టయితే పిరుదుల కింద గట్టి దిండో, మడతపెట్టిన దుప్పటో వేసుకో. నడుము మోకాళ్లకన్నా కాస్త ఎత్తులో ఉంటే వెన్ను దానంతటదే నిలబడుతుంది. యోగసూత్రాలు రాసిన పతంజలి ఆసనం గురించి చెప్పింది స్థిరంగా, సుఖంగా ఉండాలనే. కుర్చీలో కూర్చో, తప్పేం లేదు, పాదాలు నేలకి ఆనాలి అంతే. నేను ఇప్పుడు కుర్చీలోనే.

మొదట ఓ ఐదారు ఊపిర్లు మాత్రం వదిలేటప్పుడు కాస్త పొడుగ్గా వదులు. నాలుగు లెక్కపెడుతూ తీసుకుని ఆరు లెక్కపెడుతూ వదలడం. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కొద్దిగా తగ్గుతుంది, నాడి పట్టుకు చూసుకుంటే నీకే తెలుస్తుంది. గట్టిగా లాగి లాగి పీల్చకు, కళ్లు తిరుగుతాయి. ఆ తర్వాత ఊపిరిని దాని మానాన వదిలేసి ముక్కుపుటాల దగ్గర కాపలా కాయి. లోపలికి పోయేది చల్లగా, బయటికొచ్చేది వెచ్చగా తగులుతుంది. వదిలిన ప్రతిసారీ ఒకటి, రెండు అని పది దాకా, మళ్లీ ఒకటి. ఈ లెక్కలో తమాషా ఉంది. మనసు ఊరెళ్లినా లెక్క ఆగదు, అదే నడిచిపోతుంది. ఒకసారి చూసుకుంటే నేను ముప్ఫై ఏడులో ఉన్నాను. పది దాటావంటే నువ్వక్కడ లేవన్నమాట. గొడవ చెయ్యకుండా ఒకటి నుంచి మొదలెట్టు.

ఫోన్ వేరే గదిలో పెట్టు. ధ్యానానికి యాప్‌లున్నాయి కదా అంటావు, ఉన్నాయి, కొన్ని మంచివే. కానీ ఆ ఫోన్‌లోనే నీ ఆఫీసుంది. టైము కోసం వంటింటి టైమరో, పాత అలారం గడియారమో చాలు. కూర్చోబోయే ముందు మర్చిపోతానేమోనని భయమున్న పనులు మూడు లైన్లు చీటీ మీద రాసి పక్కన పెట్టుకో. సగం కవర్లు అక్కడే తగ్గుతాయి. నిద్ర ముంచుకొస్తే కళ్లు సగం తెరిచి రెండు మూరల దూరంలో నేలని చూస్తూ కూర్చో. రోజూ నిద్రే వస్తుంటే మాత్రం ముందు నిద్రపో తల్లీ. అర్ధరాత్రి దాకా అమెరికా కాల్స్ మాట్లాడి ఆరింటికి ధ్యానమంటే ఒళ్లు ఊరుకోదు.

ఇంట్లో నిశ్శబ్దం లేదన్నావు. మా ఇంట్లో మాత్రం ఉందా? నేను కూర్చునే వేళకి గుడి మైకులో సుప్రభాతం, పక్కింటి కుక్కర్ విజిల్, పాలబ్బాయి గేటు చప్పుడు, ఇవి కాక ఒక దోమ. నిశ్శబ్దం దొరికాక కూర్చుందామనుకుని ఉంటే నేను ఈ పాటికి ఒక్కరోజూ కూర్చుని ఉండేవాణ్ని కాదు. విజిల్ వస్తే 'చప్పుడు' అని గడిలో వేస్తాను. దోమని మాత్రం కొడతాను, అబద్ధమెందుకు.

కొందరికి కదలకుండా కూర్చోవడమే పడదు. మా అమ్మ, అదే మీ నాన్నమ్మ, ధ్యానం అన్న మాటే ఎరగదు. మధ్యాహ్నం గిన్నెలు సర్దాక కిటికీ దగ్గర గళ్ల పుస్తకం పెట్టుకుని రామకోటి రాసేది. మొదటి పేజీలో అక్షరాలు గబగబా, గడి దాటిపోతూ ఉండేవి. రెండో పేజీ తిరిగేసరికి కలం నెమ్మదించేది, శ్రీకారం చుట్టినంత నిదానం. ఆ వేళప్పుడు నేను బడి నుంచొచ్చి పిలిచినా వెంటనే పలికేది కాదు. నిండిన పుస్తకాలు భద్రాచలంలో ఇచ్చి వచ్చేవాళ్లం. నీకూ ఊపిరి కుదరకపోతే జపమాల తిప్పు, లేదా చెప్పుల్లేకుండా మేడ మీద ఆ చివర్నుంచి ఈ చివరికి అడుగు ఎక్కడ పడుతోందో చూసుకుంటూ నడువు. ఏదైనా ఒకటే పట్టుకో, వారానికొకటి మార్చకు.

పదిరోజుల శిబిరానికి వెళ్లనా అనడిగావు. గోయెంకా గారు నేర్పిన విపశ్యన అనే ధ్యాన పద్ధతికి కేంద్రం, ధమ్మ ఖేత్త, మీ హైదరాబాద్‌లోనే, నాగార్జునసాగర్ రోడ్డులో ఉంది. ఫీజు ఉండదు. తెల్లారి నాలుగింటికి గంట కొడతారు, రోజుకి పది గంటల దాకా కూర్చోవాలి, మాటలుండవు, ఫోన్ ఉండదు, కాగితం కలం కూడా ఉండవు. మొదటి మూడు రోజులూ ఉత్త ఊపిరి చూడటమే. నేను 2011లో ఇలాంటి శిబిరానికే వెళ్లి రెండో రోజు సాయంత్రం సంచి సర్దాను. ఈ రాత్రికి పడుకోండి, రేపు మాట్లాడదాం అన్నారు అక్కడివాళ్లు. ఆ రేపు ఇంకో రేపయి పది రోజులూ ఉన్నాను. మంచిదే. కానీ ఇంట్లో ఆర్నెల్లయినా రోజూ కూర్చోవడం అలవాటయ్యాక వెళ్లు. ఈత రాకుండా కృష్ణలో దూకినట్టవుతుంది లేకపోతే.

ఒక్క విషయం మాత్రం పెద్దవాడిగా గట్టిగా చెప్తున్నాను. కూర్చున్నప్పుడల్లా భయం పెరిగిపోతున్నా, గుండె దడదడలాడుతున్నా, పాత చేదు జ్ఞాపకమేదో మీద పడి రోజంతా వదలకపోయినా, పట్టుదలకి పోకు. లేచిపో. నాలుగు అడుగులు వెయ్యి, ఎవరితోనైనా మాట్లాడు, డాక్టర్‌కి చూపించుకో. టెలిమానస్ అని మనసు ఇబ్బందులకి ప్రభుత్వం వాళ్ల ఫోన్ నంబరు ఉంది, 14416, తెలుగులోనే మాట్లాడతారు. కాలు విరిగినవాణ్ని పరిగెత్తమని ఎవరూ అనరు కదా.

ఇన్నేళ్లలో నాకేం ఒరిగిందని అడుగుతావేమో. వెలుగులు కనపడలేదు, గాల్లో తేలలేదు. నాలుగైదు నెలలయ్యాక ఒకరోజు బజార్లో ఆటో అతను అన్యాయంగా ముప్ఫై రూపాయలు ఎక్కువడిగాడు. నోరు తెరవబోతుంటే చెవులు వేడెక్కడం తెలిసింది. తిట్టు ఇంకా నాలుక మీదికి రాలేదు, దారిలో ఉంది. 'అదిగో, వస్తోంది' అనిపించింది. అంతకుముందు నా జన్మలో ఎప్పుడూ అది రావడం చూడలేదు, వెళ్లిపోయాకే చూసేవాణ్ని. ఇప్పటికీ ప్రతిసారీ పట్టుకోలేను. "పొద్దున ఆరింటికి ధ్యానం, ఎనిమిదింటికి పేపరబ్బాయితో పేచీ" అంటుంది మీ పెద్దమ్మ. కాదనను.

సంక్రాంతికి నాలుగు రోజులు ముందే రా. నీ కోసం ఒక దిండు కుట్టించి పెట్టాను, బూరుగు దూది, గట్టిగా ఉంటుంది. ఇద్దరం మేడ మీద కూర్చుందాం, పెద్దమ్మ కాఫీ కలిపి పిలిచేలోపు ఐదు నిమిషాలయిపోతాయి. సోమవారం గోంగూర పచ్చడి పంపాను, కొరియర్‌లో కాదులే, స్పీడ్ పోస్టులోనే. అందగానే మూత లీకయిందేమో చూసి ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న