పాత డ్రైవర్‌ను తొలగించడం రెజ్యూమెలో చెప్పుకోదగ్గ పనేనా?

ప్రశ్న: ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సి భాష బాగా వచ్చు. లినక్స్ కెర్నెల్ రంగంలో స్థిరపడాలని ఉంది. ప్రాసెసర్ ఫ్రీక్వెన్సీని మార్చే ఒక పాత డ్రైవర్‌కు కాలం చెల్లిందని, దాన్ని తొలగించమని సీనియర్ ఒకరు చెప్పారు. కొత్తగా ఏమీ రాయకుండా ఉన్నది తీసేస్తే ఉద్యోగానికి పనికొస్తుందా?

సమాధానం: తప్పకుండా పనికొస్తుంది. ఎన్ని లైన్లు తీశారన్నది కాదు, తీసినా ఏమీ చెడదని ఎలా నిరూపించారన్నదే ఇంటర్వ్యూలో అడుగుతారు.

ఒకప్పుడు ఒక్కో చిప్‌కూ ఒక్కో డ్రైవర్ ఉండేది. ఇప్పుడు ఫ్రీక్వెన్సీ, వోల్టేజ్ పట్టికను డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్‌ను కెర్నెల్‌కు వివరించే ఫైల్‌లో) రాస్తే, చాలా చిప్‌లకు సీపీయూఫ్రెక్-డీటీ అనే ఉమ్మడి డ్రైవరే సరిపోతుంది. 2014లో ఈ పేరు పెట్టారు. అంతకుముందు సీపీయూఫ్రెక్-సీపీయూ0 అనేవారు.

ముందు పాత డ్రైవర్‌ను చివరిదాకా చదవండి. పట్టిక చూడటం కాకుండా ఇంకేం చేస్తోందో పట్టుకోవాలి. శాంసంగ్ ఎక్సినోస్ చిప్‌లే తీసుకోండి: క్లాక్ సంకేతాన్ని తయారుచేసే పీఎల్ఎల్ వేగం మారుతున్నంతసేపూ సీపీయూను వేరే క్లాక్ మీద నడపాలి. ఆ పని పాత డ్రైవర్‌లోనే ఉండేది. దాన్ని క్లాక్ డ్రైవర్‌లోకి తరలించాకే ఉమ్మడి డ్రైవర్‌కు దారి ఏర్పడింది. ఇలాంటిది గమనించకుండా తీసేస్తే బోర్డు హ్యాంగ్ అవుతుంది. వేగం పెంచేటప్పుడు ముందు వోల్టేజ్, తగ్గించేటప్పుడు ముందు ఫ్రీక్వెన్సీ మారాలన్న నియమాన్ని ఉమ్మడి డ్రైవర్ వైపు కోడ్ పాటిస్తుంది, కానీ డివైస్ ట్రీలో వోల్టేజ్ ఇచ్చే రెగ్యులేటర్‌ను సరిగ్గా చూపించాలి. పాత పట్టికలు కిలోహెర్ట్జ్‌లో ఉంటాయి, కొత్తవి హెర్ట్జ్‌లో. వెయ్యితో గుణించడం మరిచిపోవడం తరచూ జరిగే తప్పు.

ప్యాచ్‌ల (పంపే మార్పుల) వరుస చాలా ముఖ్యం. కెర్నెల్‌లో ఒకసారికి ఒక్క సీపీయూఫ్రెక్ డ్రైవరే రిజిస్టర్ అవుతుంది, రెండోది ఎర్రర్‌తో ఆగిపోతుంది. అందుకే మొదట పట్టిక చేర్చండి. తర్వాత ఒకే ప్యాచ్‌లో పాతదాన్ని ఆపి కొత్తదానికి మారండి. ఫైల్ తొలగింపు ఆఖరున. అప్పుడే మధ్యలో ఏ కమిట్ (నమోదైన మార్పు) దగ్గర ఆగినా కెర్నెల్ బూట్ అవుతుంది, తప్పు ఏ కమిట్‌లో వచ్చిందో వెతికే బైసెక్ట్ పనిచేస్తుంది. తొలగించాక గిట్ గ్రెప్ అనే వెతుకులాట ఆదేశంతో పాత డ్రైవర్ పేరు కోసం కేకాన్ఫిగ్, మేక్‌ఫైల్, డెఫ్‌కాన్ఫిగ్‌లు అనే బిల్డ్ ఫైళ్లు, మెయింటైనర్స్ ఫైల్, హెడర్లు అన్నీ వెతకండి. ఎక్కడో ఒక పేరు మిగిలే ఉంటుంది.

అసలు చిక్కు పాత డివైస్ ట్రీలతో వస్తుంది. పట్టిక లేని పాత డీటీబీతో (కంపైల్ చేసిన డివైస్ ట్రీతో) కొత్త కెర్నెల్ బూట్ చేస్తే ఫ్రీక్వెన్సీ మార్పు పనిచేయదు. నిర్వాహకులు దీన్ని తప్పక అడుగుతారు, జవాబు కమిట్ సందేశంలోనే ఉండాలి.

బోర్డు మీద పరీక్షించేటప్పుడు సిస్‌ఎఫ్ఎస్‌లో (కెర్నెల్ వివరాలను ఫైళ్లుగా చూపే చోట) స్కేలింగ్ డ్రైవర్ పేరు మారిందో లేదో, పాత ఫ్రీక్వెన్సీలన్నీ కనిపిస్తున్నాయో లేదో చూడండి. లోడ్ పెట్టి ప్రతి ఫ్రీక్వెన్సీ మీదా కాసేపు నడపండి. బోర్డు దొరక్కపోతే కంపైల్ అయిందన్న ధైర్యంతో పంపకండి. అది ఉన్నవారితో పరీక్ష చేయించి, వారి అనుమతితో, వారు పరీక్షించారని చెప్పే టెస్టెడ్-బై లైన్ చేర్చి పంపండి.