గార్డెనింగ్ పనికి 62 వేల లాన్ మూవర్ ఈఎంఐలో తీసుకోవచ్చా?

తెల్లాపూర్ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. విల్లాల్లో గార్డెనింగ్ చేస్తాడట, 11 విల్లాలు నెలకి 1500 చొప్పున, ఇంకా ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లాన్ నెలకి 12 వేలు. గడ్డి కోసే మిషన్ సొంతంగా లేదు, రోజుకి 500 ఇచ్చి అద్దెకి తెచ్చుకుంటున్నాడు. "అన్నా, షాపుల మూడు చూపించిన్రు, కరెంటుది 14 వేలు, లోకల్ పెట్రోల్‌ది 28 వేలు, కంపెనీది 21 ఇంచులది, దానంతటదే ముందుకు నడిచేది 62 వేలు. 10 వేలు కడితే మిగతాది నెలకి 5 వేలు, 12 నెలలంట. జీఎస్టీ కూడా వాపస్ వస్తదంటున్రు. బ్యాంకుల 38 వేలున్నయ్, మా ఆమె గాజులున్నయ్. పోయిన ఎండాకాలం నీళ్లు లేక నాలుగు విల్లాలు రెండు నెలలు పని ఆపేసినయ్, గదే భయం. తీసుకోమంటవా?"

అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోకు.

ముందు జీఎస్టీ సంగతి తేల్చేద్దాం. నీ బిల్లింగ్ మొత్తం కలిపినా ఏడాదికి మూడున్నర లక్షలు లేదు, సర్వీసు పనికి రిజిస్ట్రేషన్ 20 లక్షలు దాటితేనే. రిజిస్ట్రేషన్ లేని వాడికి మిషన్ మీద కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు, అది నీ ఖర్చే. షాపు వాళ్లు అందరికీ చెప్పే మాటే నీకూ చెప్పారు.

ఇక ఆ ఈఎంఐ. 10 వేలు పోగా 52 వేలు అప్పు, నువ్వు కట్టేది 60 వేలు, అంటే 8 వేలే కదా అనిపిస్తది, కానీ నెలనెలా అసలు కూడా తీరుస్తూ పోతున్నావు కాబట్టి నిజంగా పడే వడ్డీ ఏడాదికి దాదాపు 27 శాతం. బ్యాంకులో బంగారం పెడితే ఇందులో సగం కూడా పడదు. వడ్డీ కంటే నన్ను భయపెట్టేది ఇంకోటి, ఈఎంఐ 12 నెలలూ వస్తది, గడ్డి 12 నెలలూ పెరగదు. వానాకాలంలో గబగబా లేచే లాన్ గడ్డి, జనవరిలో పదిహేను రోజులైనా కదలదు, ఏప్రిల్ వస్తే ట్యాంకర్ నీళ్లు తాగడానికే సరిపోవు ఇక లాన్‌కి ఎవడు పోస్తాడు. ఆ నాలుగు విల్లాలు మళ్లీ ఆగితే నెలకి 6 వేలు పాయె, 5 వేల కిస్తీ మాత్రం ఉన్నచోటే ఉంటది.

ఇప్పుడు అద్దె లెక్క, అసలు కథ ఇదే. జూన్ నుంచి అక్టోబర్ దాకా నెలకి ఒక 11 రోజులు తెస్తావనుకుందాం, తర్వాత నాలుగు నెలలు 6 రోజులు, ఎండాకాలం మూడు నెలలు 4 రోజులు. 27,500, 12 వేలు, 6 వేలు, మొత్తం 45,500. పెట్రోల్ ఎటూ నీదే కాబట్టి దాన్ని వదిలెయ్. సొంత మిషన్ అయితే ఆయిలు, బ్లేడు, రిపేరు కింద 7 వేలు తీసెయ్, ఏడాదికి మిగిలేది 38,500. 62 వేలది ఈఎంఐతో 70 వేలు పడుతోంది, అది తేరుకోవడానికి 22 నెలలు. (రోజుల లెక్క నా అంచనా, నీ డైరీ తీసి నువ్వే సరిచేసుకో.)

మరి ఆ 21 ఇంచుల కోత వెడల్పు వల్ల నీకు వచ్చేదేంటి? లైను మీద లైను కొంచెం ఎక్కించి కోస్తాం, మలుపులు, గడ్డి సంచి ఖాళీ చేయడం ఇవన్నీ పోగా అది గంటకి వెయ్యి గజాలు కోస్తది, అదే 18 ఇంచుల చిన్న మిషన్ అయితే ఒక 880. అసోసియేషన్ లాన్ 1500 గజాలు అనుకుంటే తేడా పావుగంట కూడా లేదు. విల్లాలో అయితే 80 గజాల లాన్ కోయడానికి ఏదైనా అయిదు పది నిమిషాలే, టైమంతా అంచులు కత్తెరతో తీయడంలోనే పోతది, అది మిషన్ చెయ్యదుగా. పైగా ఆ బరువు మిషన్ టీవీఎస్ ఎక్సెల్ మీద పోదు, ఆటో ట్రాలీ కిరాయి ఎవడిస్తాడు? 

కరెంటుది ఇంట్లో వాడుకునే వాళ్లకి. వైరు ఈడ్చుకుంటూ తడి గడ్డిలో, పొరపాటున బ్లేడు కింద వైరు పడితే... వద్దు. కిరాయి పని మీద అదే పనిగా నడిపితే మోటారు కూడా తట్టుకోదు.

28 వేల లోకల్‌ది కాగితం మీద తొమ్మిది నెలల్లోనే తేరుకుంటది, అందుకే దాని మీదే మనసు లాగుద్ది. మా బావ టిఫిన్ సెంటర్‌కి ఇట్లాగే చవగ్గా గ్రైండర్ కొన్నాడు, సరిగ్గా పెళ్లిళ్ల సీజన్‌లో ఆగింది, పార్టు రావడానికి మూడు వారాలు, ఆ మూడు వారాలు మా అక్క బయట పిండి కొని దోసెలు వేసింది. జూలైలో నీ మిషన్ ఆగితే మళ్లీ రోజుకి 500 అద్దె, అదీ దొరికితే, ఎందుకంటే జూలైలో అందరికీ మిషన్ కావాలి. కాబట్టి ఏది కొన్నా ముందు డీలర్‌కి ఫోన్ చేసి బ్లేడు, కార్బురేటర్ కిట్టు, తాడు లాగే స్టార్టరు, ఈ మూడూ స్టాకులో ఉన్నాయా, రేటెంత అని అడుగు. తెప్పిస్తాం సార్ అన్నాడంటే ఫోన్ పెట్టెయ్. వారంటీ కూడా, ఇళ్లకి వాడేదానికి ఒకలా, కిరాయి పనికి ఒకలా ఉంటది చాలా కంపెనీల్లో, పని కోసమే కొంటున్నా అని చెప్పి బిల్లు మీద రాయించుకో.

నేనైతే నువ్వు అడగని నాలుగోదానికి పోతా. మంచి కంపెనీ ఇంజన్ ఉన్న 18 ఇంచుల పెట్రోల్‌ది, చేత్తో తోసేది. నాకు తెలిసిన డీలర్ 44 వేలు చెప్పాడు, 14 నెలల్లో తేరుకుంటది. 20 వేలు నీ దాంట్లోంచి తియ్, 18 వేలు ముట్టుకోకు, అది ఎండాకాలానిది. మిగతా 24 వేలకి గాజులు బ్యాంకులోనే పెట్టు, వీధి చివర తాకట్టు షాపులో కాదు. మే నెలాఖరులో కొను, జూన్ నుంచి అద్దెకి పోయే డబ్బే బ్యాంకులో కడుతూ పో, దసరా దీపావళికి గాజులు ఇంటికొస్తాయ్. గాజులు ఇష్టం లేదంటే ముద్ర లోన్‌లో శిశు కింద 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు, బ్యాంకు చుట్టూ తిరగాలి, ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వ నమోదు) ఉంటే మంచిది, అది ఫ్రీ, ఏజెంటుకి రూపాయి ఇవ్వకు.

ఇంకో చిన్న ముచ్చట, బ్లేడు సాన పట్టించాక మధ్య బొక్కలో మేకు పెట్టి అడ్డంగా వేలాడదియ్, ఒక పక్కకి వాలిందంటే ఆ పక్క బరువుంది, ఇంకొంచెం అరగదియ్యాలి. అట్లాగే బిగిస్తే మిషన్ వణుకుతూ ఇంజన్ షాఫ్ట్‌నే తింటది. మొద్దు బ్లేడు అయితే గడ్డి తెగదు, చిరుగుతది, రెండు రోజుల్లో కొసలు తెల్లగా ఎండుతాయ్, అది ముందు చూసేది అసోసియేషన్ సెక్రటరీనే.

ఆయన మాట వచ్చింది కాబట్టి, నీ ఆదాయంలో నలభై శాతం పైన ఆ ఒక్క లాన్ నుంచే వస్తోంది, కాగితం ఉందా? లేకపోతే షాపుకి పోయే ముందు ఆయన దగ్గరికి పో, ఏడాది కాంట్రాక్ట్ అని లెటర్ హెడ్ మీద రెండు లైన్లు రాసిమ్మని అడుగు. ఇస్తే కొను. చూద్దాం లే అన్నాడంటే ఈ వానాకాలం కూడా అద్దె మిషనే నడిపించు.